భాగ్యనగర భారవాహకులు: సంఘశబ్దవిచారము

మన చరిత్రవ్యాసములందు రాజవంశావళులును, గోటల కొలతలును, దేవాలయ శాసనములును విరివిగాఁ గానవచ్చుచున్నవి. నగరమును గట్టించిన ప్రభువు పేరు పాఠశాలలోని పసిబాలునకుఁ గూడఁ దెలియును. ఆ నగరమునకు దినదినము బియ్యమును, ఉప్పును, గట్టెలును, నూనెయు మోసితెచ్చినవాఁ డెవ్వఁడో యే తామ్రశాసనమును జెప్పదు. మహమ్మదు కులీ కుతుబుషాహ 1591 వ సంవత్సరమున భాగ్యనగరమును నిర్మించెను. చార్మినారు చుట్టును బెరిగిన యా పాతబస్తీ నాఁటినుండి నేఁటిదాఁకఁ దన ధాన్యమును దాను బండించుకొన్నది కాదు. వెలుపలినుండి వచ్చిన బరువే దాని బ్రతుకు. కావున మోయువాఁడు చేయి వెనుకకుఁ దీసినచో నగర మెన్నిదినములు నిలుచునను ప్రశ్న రాజులకును వర్తకులకును నెల్లకాలమందు నుండినదే. ఆ చేతులు తమలోఁ దా మెట్లు కూడుకొన్నవి, యెక్కడఁ గూడలేకపోయినవి, దానికిఁ గారణమేమి యనునది యీ వ్యాసమున విచారింపఁబడును.

ఈ విషయమున రెండు మతములు వినవచ్చుచున్నవి. కార్మికసంఘము పాశ్చాత్యుల యంత్రయుగమునఁ బుట్టి మనదేశమునకు దిగుమతియైన వస్తువని కొందఱందురు. మన పూర్వుల శ్రేణులే నేఁటి కార్మికసంఘములు, నూతన మేమియు లేదని మఱికొందఱందురు. మొదటి మతము మన వాఙ్మయము నెఱుఁగనిది. రెండవది కార్మికుని స్థితి నెఱుఁగనిది. సత్యము వీని నడుమ నెక్కడ నున్నదో తెలియుటకు ముందుగా శబ్దములను, బిదప వృత్తాంతమును బరిశీలింతము.

శబ్దవిచారము

పాణినీయమున నాల్గవ యధ్యాయపు నాల్గవ పాదమున మోయుట యను నర్థమునఁ గొన్ని తద్ధితములు విధింపఁబడినవి. రథమును లాగునది రథ్యము, కాడిని మోయునది యుగ్యము, ధురమును మోయునది ధుర్యము లేక ధౌరేయము, శకటమును లాగునది శాకటము. ఇవి ప్రాయికముగాఁ బశువులకుఁ జెల్లు పేర్లు. మనుష్యునకుఁ జెల్లునది వైవధికశబ్దము. వివధమనఁగాఁ గావడి, దానితో మోయువాఁడు వైవధికుఁడు. అమరసింహుఁడు శూద్రవర్గమున వైవధికునకు వార్తావహుఁడనియు, భారవాహునకు భారికుఁడనియుఁ బర్యాయములు చెప్పెను. వార్తాశబ్దమునకు వృత్తాంతమనియు, కృషివాణిజ్యాదులగు జీవనోపాయమనియు రెండర్థములు గలవు. ధాన్యాదికమును మోయువాఁడు వార్తావహుఁడగుట సహజమే. కాని యూరూరు తిరుగు మోతగాఁడు సరకుతోఁబాటు సంగతులను గూడ మోయుననుట యనుభవసిద్ధము. తరువాతి చరిత్ర కీ వృత్తాంతార్థ మెంత యుపకరించునో ముందుఁ జూడఁగలము.

ఇఁక సమూహవాచకములు. శ్రేణి యనఁగా సజాతీయులగు శిల్పుల సమూహమని యమరుని నిర్వచనము. సాలెవారు సాలెవారితోను, గమ్మరులు గమ్మరులతోను గూడినది శ్రేణి. మోతపనివారి కీ మాట యతుకదు. మోతపని యొకజాతి సొత్తు కాదు. వారి కతుకు శబ్దము పాణిని యైదవ యధ్యాయపు రెండవ పాదమున నున్నది. అది వ్రాతీనశబ్దము. వ్రాతమనఁగా నేమని భాష్యకారుఁడు విచారించి, నానాజాతులవారై, నియతమగు వృత్తి లేనివారై, దేహాయాసముచే జీవించువారి సంఘము వ్రాతమని నిర్ణయించెను. అట్టివారి పనిచే జీవించువాఁడు వ్రాతీనుఁడు. ఈ మూఁడు లక్షణములను జదువరులు మనస్సున నుంచుకొనవలెను. పాతబస్తీ బజారులందు హిందువులును, ముసల్మానులును, దెలుఁగువారును, మరాఠులును నొక్క బస్తాయొద్ద నిలిచి పనిచేయుట చూచినవానికి భాష్యకారుని నిర్వచన మెంత కన్నులకుఁ గట్టినట్లుండునో వేఱుగఁ జెప్పనక్కఱలేదు.

కౌటిల్యుఁ డర్థశాస్త్రపు మూఁడవ యధికరణమున సంఘభృతులను బేర్కొనెను. వీరు గుంపుగాఁ గుదురుకొని కూలి కొప్పుకొనువారు. వచ్చిన కూలిని ముందుగాఁ దమలో ననుకొన్నట్లుగాని, సమభాగముగాఁగాని పంచుకొనవలెనని యాతఁడు శాసించెను. అచ్చటనే, పని యారంభమైన పిమ్మట నారోగ్యవంతుఁడై యుండియు విడిచిపోవువానికి 12 పణముల దండము విధించెను. దీనివలన నొకసంగతి స్పష్టము. కూడి కూలిని బంచుకొనుట ప్రాచీనులకుఁ దెలియును. కూడి పని నిలిపి కూలి హెచ్చించుకొనుట ధర్మశాసనమున కెక్కలేదు. పంపకపు సంఘమున్నది, పట్టుదల సంఘము లేదు. పైన జెప్పిన రెండు మతములకును నిదియే సమాధానము.

హమాలి యను మాట యరబ్బీ భాషలోని మోయుట యను నర్థముగల ధాతువునుండి పుట్టినది. ఆ భాషయందు హమ్మాలు మోయువాఁడు. ఉర్దూలో హమ్మాలీ యనఁగా నాతని పని, లేక యా పనికిచ్చు కూలి. తెలుఁగువారు భావవాచకమునే కర్తృవాచకముగాఁ గైకొని పనివానినే హమాలి యనిరి. కూలియు నాతఁడే, కూలివాఁడు నాతఁడే యైనట్లు భాష తెలియకయే చెప్పినది.

తండాలు

గోలకొండనుండి పాతబస్తీకి వచ్చు బాట మూసీనదిని బురానాపూలుమీఁద దాఁటును. ఆ వంతెన 1578 వ సంవత్సరమున నిబ్రహీము కుతుబుషాహ కట్టించినది. నగరముకంటెఁ బదుమూఁడేండ్లు పెద్దది. దాని యావలఁ గార్వాను పేటయున్నది. పేరే చెప్పుచున్నట్లు బిడారులు దిగుతావది. కాకతీయుల కాలమునఁ బెఱికయెడ్లమీఁద సరకులు మోయించిన వర్తకులుండిరి. నానాదేశివర్తకసమూహములకు శాసనములందుఁ బెక్కండ్రని వ్యవహారము. గణపతిదేవుఁడు 1244 లో మోటుపల్లియొద్ద సముద్రవర్తకుల కభయశాసన మిచ్చెను. అందు ఓడసరకులమీఁది సుంకముల వివరములున్నవి. రేవునుండి యోరుగల్లుదాఁక సరకును మోసిన యెద్దులవానిమాట లేదు.

పదునేడవ శతాబ్దమున గోలకొండకు వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుఁడు తవెర్నియే బంజారాలను గూర్చి విపులముగా వ్రాసెను. పది పండ్రెండు వేల యెడ్లు వరుసగా నడచుచుండఁగా బాటసారులు దారి దొరకక రెండుమూఁడు దినములు నిలిచిపోవలసివచ్చుచుండెనఁట. ఒక తెగ గోదుమలు మొదలగు ధాన్యమును, నొకటి బియ్యమును, నొకటి పప్పులను, నొకటి యుప్పును మాత్రమే మోయుననియు, నొక తెగవారి సరకు వేఱొకరు ముట్టరనియు నాతఁడు చెప్పెను. తండాకు నాయకుఁడుండును, ఎద్దులు వారివే, బండ్లు నడుపువారు వారే, పలుచోట్ల వర్తకమును వారిదే.

షాజహాను మంత్రియగు నాసఫుఖాను 1630 ప్రాంతమున దక్షిణదేశముపై దండెత్తినప్పుడు భంగీ, జంగీ యను నాయకులు లక్షయెనుబది వేల యెడ్లతో సేనకు ధాన్యము చేర్చిరనియు, వారికిఁ దామ్రపట్టముపై బంగారు టక్షరములతో హక్కులు వ్రాసియిచ్చిరనియు లంబాడీలలో నైతిహ్యము గలదు. ఇండ్లలోని కుండల నీటిని, గప్పులమీఁది గడ్డిని దీసికొను హక్కు వానిలో నొకటియఁట. ఐతిహ్యమునకు శాసనమంతటి ప్రామాణ్యము లేకున్నను, దాని తాత్పర్యము గ్రాహ్యము. సేనకుఁ గూడు నిలుచునను భయముచేతనే రాజు మోతగానికిఁ బట్టమిచ్చెను.

అయినను దండా కార్మికసంఘము కాదు. ఎద్దు తనది, బాట తనది, ధర తాను బేరమాడునది. కూలి యిచ్చువాఁడు వేఱొకఁ డుండినప్పుడు గదా కార్మికుఁడు! తండాకు బలమెక్కువ, కాని యది యజమానుల బలము. 1874 లో వాడినుండి సికిందరాబాదునకు రైలుమార్గము తెఱవఁబడిన పిదప నా బలము క్షీణింపసాగెను. పదివేల యెడ్లు మోయు ధాన్యమును గొలఁది బండ్లు దినములో మోయఁజొచ్చెను. ఎద్దులమ్ముకొన్న తండాలు కూలికి దిగెను. ఆంగ్లపాలిత దేశభాగములందుఁ గొన్ని నేరస్థజాతుల పట్టికకుఁ గూడ నెక్కెను. ఆ పట్టికలకు మూలమైన చట్టము 1952 లో రద్దయినది.

గంజులును హమాలీలును

రైలు వచ్చిన పిమ్మట సరకు దిగుచోట్లు కుదురుపడెను. పారసీకమున గంజనఁగాఁ గోశము. అఫ్జలుగంజి యైదవ నిజాముపేర, మహబూబుగంజి యాఱవవానిపేర, ఉస్మానుగంజి యేడవవానిపేర వెలసినవి. నది కుత్తరమున బేగంబజారును నీ గంజులును, దక్షిణమున మీరాలంమండియుఁ దరువాతికాలపు మలకుపేట గంజియుఁ బాతబస్తీ కన్నకోశములు. వర్తకుని పేరునను రాజు పేరునను వెలసిన యీ స్థలములందు హమాలి పేర నొక సందైనను లేదు.

హమాలీల పని జట్టుపని. లారి వచ్చినప్పుడు జట్టు దిగును. ఒకఁడు బస్తాను గొక్కెముతో లాగును, ఇద్దఱు లేపుదురు, ఒకఁడు వీఁపున మోయును, వేఱొకఁడు లాటు వేయును. కూలి బస్తాలెక్క. సాయంకాల మా మొత్తమును బంచుకొందురు. చాల జట్లలో బంపకము సమభాగమే; బస్తా లేపినవాఁడును, లాటు పేర్చినవాఁడును నొక్కటే. కౌటిల్యుఁడు చెప్పిన సంఘభృతుల న్యాయము, గ్రంథము పేరైన విననివారియందు నిలిచియుండుట చూచి మన మాశ్చర్యపడవలసిన పని లేదు. న్యాయమును గ్రంథము పుట్టించినది కాదు, పని పుట్టించినది.

బరువువిషయము కూడఁ జెప్పవలెను. పూర్వము వీఁపున కెక్కిన బస్తా నూఱు కిలోలకు దగ్గఱగ నుండెడిది. అంతర్జాతీయ కార్మికసంస్థ 1967 లో నొడంబడికను, సిఫారసును వెలువరించి, వయోజనుఁడగు పురుషుఁ డొక్కఁడు మోయు బరువు 55 కిలోలకు మించరాదని యా సిఫారసునఁ జెప్పెను. క్రమముగా ధాన్యపు సంచి 50 కిలోలకుఁ దగ్గెను. సంచి సగమైనప్పుడు బస్తాలెక్క కూలి యెంత యుండవలె ననునది వెంటనే పుట్టిన ప్రశ్న. వెన్నెముక కుపకారము చేసిన సంస్కారము కూలిధర చక్కఁబడనిచోఁ గడుపున కపకారము చేయఁగలదు. ఇట్టిచోట్లనే సంఘమునకుఁ బని యుండును.

అయితే హమాలి యెవ్వనియొద్దఁ గూలి యడుగవలెను? గంజిలో రైతు ధాన్యము దెచ్చును, దళారి యమ్మించును, సేటు కొనును, లారివాఁడు మోసికొనిపోవును. రైతునకిచ్చు తక్‌పట్టీలో హమాలీఖర్చు తగ్గింపఁబడును. రైతు డబ్బిచ్చును గాని పని చెప్పఁడు. దళారి పని చెప్పును గాని డబ్బు తనది కాదనును. సేటు తనకుఁ గొనుబడియే గాని కూలివానితో సంబంధము లేదనును. ముప్పదియేండ్లొక గంజిలో మోసినవాఁడు ముసలితనమున నే దుకాణపుఁ బుస్తకములోను దన పేరు లేకుండుట చూచును. నిజాముప్రభుత్వము 1930 లో వ్యవసాయవిపణుల చట్టము చేసెను, ఆంధ్రప్రదేశమున 1966 లో వేఱొక విపణిచట్టము వచ్చెను. ఈ చట్టములు క్రయవిక్రయములను, దూనికలను, రుసుములను గట్టుదిట్టము చేసినవి. హమాలికి యజమాని యెవ్వఁడను ప్రశ్న మాత్రము విడువఁబడెను.

దీనికిఁ బరిష్కారము లేకపోలేదు. మహారాష్ట్రమున 1969 లో మాథాడీ హమాలుల చట్టము చేయఁబడెను. దాని ననుసరించి త్రిపక్షమండలియం దిటు కూలివారును, నటు వర్తకులును నమోదగుదురు. వర్తకుఁడు కూలియును, దానిపైఁ గొంత రుసుమును మండలికిఁ గట్టును. మండలి కూలివానికి జీతము, నిధి, సెలవు లేర్పఱచును. పలువురు యజమానులు గలచోట మండలియే యజమానిస్థానీయమగును. వ్యాకరణమున స్థానికి బదు లాదేశము వచ్చి దాని కార్యములను దాను బొందునట్లు, ఇచ్చట మండలి యాదేశమైనది. కేరళమున 1978 లో నిట్టిదే తలమోతవారి చట్టము వచ్చెను. మన గంజుల హమాలీసంఘములు సంక్షేమమండలి కావలెనని యేండ్లతరబడి యడుగుచు వచ్చినవి. ఆ కోరికలోని న్యాయము పైవిచారముచే విశదమగును.

రైలు, బస్సు, సంఘము

బ్రిటిషు ఇండియాలోఁ గార్మికసంఘముల చట్టము 1926 లో వచ్చెను. నిజాముదేశమున కది చెల్లలేదు. ఆంగ్లరాజ్యమందలి తెలుఁగువాఁడగు వరాహగిరి వేంకటగిరి బెంగాలునాగపూరు రైల్వే కార్మికులను గూర్చి సంఘముగా నిలుపుచుండఁగా, హైదరాబాదున సంఘమను మాటయే ప్రభువులకు శంకాస్పదముగ నుండెను. అయినను సంఘమునకుఁ గావలసిన నేలను బ్రభుత్వమే తెలియక దున్నినది. 1930 లో రైలుమార్గములు నిజాముప్రభుత్వము చేతికి వచ్చెను. 1932 జూనున నా రైల్వేకు ననుబంధముగా 27 బస్సులతో, 166 మంది యుద్యోగులతో రోడ్డురవాణాశాఖ యేర్పడెను. ఇంజను నడుపువాఁడును, బొగ్గు వేయువాఁడును, బస్సు నడుపువాఁడును, జీటీ లిచ్చువాఁడును నొక్క కోశమునుండి జీతము గొనువారైరి. యజమాని యెవ్వఁడను ప్రశ్న యిచ్చట లేదు. హమాలికి దొరకనిది రైలుకార్మికునికి దొరకెను.

ఈ నేలలో విత్తనము వేసినవారు పాతబస్తీతో సంబంధము గల విద్యావంతులు. మఖ్దూము మొహియుద్దీను 1908 లో మెదకు సీమయందలి యందోలునఁ బుట్టి, మూసీ దక్షిణతీరమందలి సిటీకళాశాలలో నుపన్యాసకుఁడై, ఉర్దూకవిగాఁ బ్రసిద్ధికెక్కి, యా యుద్యోగమును విడిచి కార్మికులలోఁ బ్రవేశించెను. రాజబహదూరు గౌడు 1918 లో గౌలిపురాలోఁ బుట్టి, వైద్యవిద్య నభ్యసించియు నాడి చూచు వృత్తి మాని సంఘములపని చేపట్టెను. 1946 లో నఖిల హైదరాబాదు ట్రేడుయూనియను కాంగ్రెసు స్థాపితమై మఖ్దూము దాని కధ్యక్షుఁడయ్యెను. ఆ యేఁడు ముగియకమునుపే నిర్బంధము తీవ్రమై నాయకు లజ్ఞాతవాసమునకుఁ బోవలసివచ్చెను. 1948 సెప్టెంబరులో సంస్థానము భారతదేశమునఁ గలిసెను. 1951 లో 1926 నాఁటి చట్టమిచ్చటికి వ్యాపింపఁజేయఁబడెను. నిన్న నేరముగాఁ జూడఁబడినది నేఁడు నమోదు కర్హమైన ధర్మకార్యమయ్యెను. మఖ్దూము 1952 లో హుజూరునగరమునుండి శాసనసభ కెన్నికయ్యెను. గౌ డాయేఁడే రాజ్యసభ కేఁగెను.

నాఁటి సంస్థానమునఁ దెలుఁగు, మరాఠి, కన్నడము మాటాడువారును, ఉర్దూవారును నొక్క రైలుమీఁదఁ బనిచేసిరి. వారి సంఘము శ్రేణి కానేరదు, వ్రాతమే. మతకలహములు రగులుచున్న యాకాలమున నానాజాతుల కూటమి నిలువఁగలుగుటకుఁ గారణము వారి యౌదార్యము మాత్రమే కాదు. జీతపుదినము వారి కొక్కటే. ఇఁక వార్తావహశబ్దపు వృత్తాంతార్థమిచ్చట సార్థకమగును. రైలు నడుపువాఁడు సికిందరాబాదు సంగతి నాటిసాయంకాలమునకుఁ గాజీపేటకుఁ జేర్పఁగలఁడు. సంఘమునకుఁ గావలసిన మొదటి పరికరము వార్త. అది మోతగానిచేతిలో సహజముగనే యున్నది.

తరువాతి చరిత్ర ప్రసిద్ధము. రోడ్డురవాణాశాఖ 1951 నవంబరు 1 న రైల్వేనుండి విడివడి రాష్ట్రప్రభుత్వమునఁ జేరెను; 1958 జనవరి 11 న నాంధ్రప్రదేశ రోడ్డురవాణాసంస్థ యయ్యెను. సికిందరాబాదు కేంద్రముగా దక్షిణమధ్యరైల్వే 1966 అక్టోబరు 2 న నేర్పడెను. 1974 మే 8 న నారంభమైన దేశవ్యాప్త రైల్వేసమ్మె మే 27 న నుపసంహరింపఁబడెను. తెలంగాణ రోడ్డురవాణాసంస్థలోని సుమారు 48,000 మంది 2019 అక్టోబరు 5 నుండి 52 దినములు సమ్మె చేసిరి. ప్రభుత్వములో విలీనము వారి ముఖ్యమగు కోరిక. అది తీరకయే సమ్మె ముగిసెను. అయినను 2023 లో నుద్యోగులను బ్రభుత్వసేవలోఁ జేర్చుకొనుటకై శాసనసభ చట్టము చేసెను. ఓడిన సమ్మె యడిగినదానినే నాలుగేండ్లకుఁ జట్టము తలకెత్తుకొనుట చూడఁగా, సమ్మెఫలమును ముగిసిన దినముననే లెక్కకట్టరాదని తెలియుచున్నది.

లారీలు

ఇఁక లారీలను గూర్చి చెప్పుట కష్టము. నగరపు బరువులో నధికభాగము నేఁడు లారీలమీఁదనే వచ్చుచున్నది. దానిని నడుపువాని సంఘమే యన్నిటికంటె బలహీనము. ఈ వైపరీత్యమునకుఁ గారణము వెదకవలెను.

మొదటికారణము మాటలోనే యున్నది. పత్రికలందు లారీల సమ్మె యని వ్రాయుదురు. ఆలంకారికులు లక్షణ కుదాహరణముగా మంచెలు కేకలు వేయుచున్నవని చెప్పుదురు. మంచె యఱవదు, మంచెమీఁది మనుష్యుఁ డఱచును. అట్లే లారి సమ్మె చేయదు. దానికి సంబంధించిన మనుష్యుఁడు చేయును. ఏ మనుష్యుఁడు? డీజిలు ధరకును, టోలురుసుమునకును, బీమాకును లారి నిలిపినవాఁడు యజమాని. 1936 లో నేర్పడిన యఖిలభారత మోటారు రవాణా కాంగ్రెసు యజమానుల కూటమి. బత్తా చాలదనియు, నిద్ర లేదనియు నిలిపినవాఁడు డ్రైవరు. ఈ రెండును నొక్కమాటలోఁ జేరుటచే డ్రైవరు కష్టము యజమాని కోరికలపట్టికలోఁ గలిసి కనుమఱుగగుచున్నది. లక్షణ కావ్యమునకు సొగసు, చరిత్రకుఁ జిక్కు.

రెండవకారణము స్వామ్యము. చాల లారీలకు యజమాని యొకటి రెండు బండ్లవాఁడు. వానిలోఁ బలువురు నిన్నటి డ్రైవరులు. నేఁటి డ్రైవరు రేపు లారి కొనఁదలఁచినవాఁడు. క్లీనరుగాఁ జేరి, స్టీరింగు పట్టి, యప్పు చేసి, బండి కొనుట యీ వృత్తిలోని యాశ్రమధర్మము. రేపటి యజమాని నేఁటి యజమానిపైఁ బోరాడుట యరుదు. 1961 నాఁటి మోటారు రవాణా కార్మికుల చట్టము దినమున కెనిమిది గంటలు, వారమునకు 48 గంటలు పని యని నియమించెను; కాని యది యైదుగురు లేక యంతకుమించిన కార్మికులు గల సంస్థలకే చెల్లినది. ఒక్క లారి యజమానియొద్ద డ్రైవరొకఁడు, క్లీనరొకఁడు. చట్టము వారిని దాఁకనే లేదు. ఆ చట్టము 2020 నాఁటి వృత్తిభద్రతాసంహితలోఁ గలిసి, యా సంహిత 2025 నవంబరు 21 న నమలునకు వచ్చెను.

మూఁడవకారణము స్థలము. భారవాహనములకుఁ బగటివేళ నగరమధ్యమున నిషేధ ముండుటచేఁ బాతబస్తీ సరకు రాత్రి వచ్చును. లారీలు నిలుచు నడ్డాలు కాటేదాను, ఆటోనగరము మొదలగు పొలిమేరలకుఁ జేరినవి. డ్రైవరు నెలలో నెక్కువదినములు పరరాష్ట్రపు రహదారిమీఁద నుండును. సభకు రమ్మనిన నాతఁ డాదినమున నెచ్చట నుండునో యాతనికే తెలియదు.

ఇట్టి చెదరినవారును నొకమాఱు కూడిరి. భారతీయ న్యాయసంహిత 106 వ సెక్షను రెండవ యుపసెక్షను, ప్రమాదము చేసి తెలుపక పాఱిపోయిన డ్రైవరునకుఁ బదేండ్ల వఱకు శిక్ష విధించెను. దానికి భయపడి 2024 జనవరి మొదటిదినములందు దేశమునఁ బలుచోట్ల డ్రైవరులు బండ్లు నిలిపిరి. హైదరాబాదునఁ దైలపు టాంకరులు నిలువఁగాఁ బెట్రోలు బంకులయొద్ద జనము బారులు తీరెను. జనవరి 2 న, పాతబస్తీలోని చంచలుగూడలో, ఇంటింటికి నాహారము చేర్చు యువకుఁ డొకఁడు మోటారుసైకిలునకు నూనె దొరకక గుఱ్ఱమెక్కి బయలుదేఱెను. జనులు నవ్వి యా చిత్రమును దేశమంతటఁ బంచుకొనిరి. చరిత్రకారునికి మాత్ర మందు నవ్వుకంటె నెక్కువ కానవచ్చును. ఒక మోతగాఁడు చేయి వెనుకకుఁ దీయఁగా వేఱొక మోతగాఁ డొక్కదినములో మోటారునుండి పశువునకుఁ జేరెను. కార్వాను కాలము మరల నొక్క పూఁట కనఁబడెను. ప్రభుత్వము యజమానుల కాంగ్రెసుతో మాటాడి, చర్చింపక యా విధిని దేమని ప్రకటించెను. 2024 జూలై 1 న మిగిలిన సంహిత యమలునకు వచ్చినను నా యుపసెక్షను నిలిపివేయఁబడెను.

ఈ చెదరినవారి నెవ్వరు కూర్చిరి? చేతిలోని ఫోనున వార్త పాఱెను. మోతగాఁడు వార్తావహుఁడని మరల ఋజువయ్యెను. అంతకంటె ముఖ్యము, నాఁ డెదుటివాఁ డొక్కఁడే. కూలివిషయమున వేయిమంది డ్రైవరులకు వేయిమంది యెదుటివారు. శిక్షవిషయమున నందఱకును బ్రభుత్వ మొక్కటే. అయినను బల్లయొద్దఁ గూర్చుండి మాటాడినది యజమానుల కూటమియే యనుట మఱవరాదు. నిలిచినవాఁడు డ్రైవరు, పిలువఁబడినవాఁడు యజమాని.

భాగస్వామి శబ్దము

పైఁ జెప్పిన గుఱ్ఱపురౌతు వర్గమును గూర్చి యొక్కమాట. ఫోనుద్వారమునఁ బని పుచ్చుకొని సరకు మోయువారిని సంస్థలు కార్మికులనక భాగస్వాములందురు. భాగమునకు స్వామి భాగస్వామి. సంభూయసముత్థానమున, అనఁగాఁ గూడి చేయు వ్యవహారమున, లాభములో నంశము గలవానికే యీ పేరు తగును. ఇచ్చట నాతనికి లాభమున నంశము లేదు. ధరను నిర్ణయించు నధికారమును లేదు. బండియు, నూనెయు, బ్రమాదమును మాత్రమే యాతనివి. కావున నీ శబ్దమున యౌగికార్థము బాధితము, కప్పుటకే ప్రయోగింపఁబడినది. 2020 నాఁటి సామాజికభద్రతాసంహిత వీరిని బ్రత్యేకవర్గముగాఁ బేర్కొనెను. రాజస్థానము 2023 లో వీరికై మొదట రాష్ట్రచట్టము చేసెను. తెలంగాణప్రభుత్వము 2025 ఏప్రిలున ముసాయిదా ప్రకటించెను.

సిద్ధాంతము

ఇంతవఱకుఁ జూచినదానినిబట్టి భారవాహకుల సంఘబలమునకు మూఁడు హేతువులు గానవచ్చుచున్నవి. బరువు దిగు స్థల మొక్కటిగా నుండుట మొదటిది. కూలి యిచ్చువాఁ డొక్కఁడుగా నుండుట రెండవది. వచ్చినది న్యాయముగాఁ బంచుకొనుట మూఁడవది. తండాకుఁ బంపక మున్నది, యెదుటివాఁడు లేఁడు. గంజి హమాలికి స్థలమును బంపకమును గలవు, యజమాని కానరాఁడు. రైలుకార్మికునికి స్థలమును యజమానియుఁ గలరు. జీతపుఁబట్టిక పంపకపుఁబని చేయును. కావున నాతని సంఘమే ముందు బలపడెను. ఫోనుపనివానికి యజమాని యొక్కఁడే, స్థలము లేదు. లారి డ్రైవరునకు మూఁడును లేవు. ఎవ్వనికేది కొఱఁతయో తెలిసినచోఁ జట్టము చేయువారికిఁ జేయవలసినదియుఁ దెలియును. హమాలికి మండలి, డ్రైవరునకు విశ్రాంతిస్థలమును, ఒక్క బండివానికిఁ గూడఁ జెల్లు నియమమును గావలసియున్నవి.

ఇది ప్రాచీనమా, విదేశీయమా యను వాదమునకు నింతటితోఁ దీర్పు చెప్పవచ్చును. నానాజాతులు దేహశ్రమచేఁ గూడి జీవించుట మనకుఁ బాణినినాఁటికే తెలియును. సమభాగముగాఁ బంచుకొనుట కౌటిల్యునినాఁటికే తెలియును. కూలి యిచ్చువాని యెదుట నిలిచి, పని నిలిపి, యొడంబడిక వ్రాయించుకొనుట మాత్రము క్రొత్తది. దానిని మనవారు రైలుతోఁబాటు నేర్చిరి. సంఘశబ్దమున సమ్ అను నుపసర్గ పాతది, హన్ ధాతువు తన పూర్ణార్థమును బొందుట క్రొత్తది యని శాబ్దికులు పరిహాసముగాఁ జెప్పుకొనవచ్చును.

తుద కొక విన్నపము. రాజశాసనము రాతిపై నుండుటచే వేయేండ్లు నిలుచును. హమాలీసంఘపుఁ జందారసీదు, జట్టుపంపకపు లెక్కపుస్తకము, సమ్మెనాఁటి కరపత్రము పదేండ్లు నిలుచుట దుర్లభము. కొక్కెము, లాటు, తక్‌పట్టీ, బత్తా, అడ్డా మొదలగు మాటలు నిఘంటువులకుఁ జాలవఱ కెక్కలేదు. ఈ పనివారి బిడ్డలే మన పాఠశాలల బల్లలమీఁదఁ గూర్చున్నారు. ఉపాధ్యాయు లొక్కొక్కరు తమ గంజిలోని పది మాటలను, నొక ముసలి జట్టుమేస్త్రీ చెప్పు వృత్తాంతమును వ్రాసికొన్నను, గాలము తినివేయుచున్న యొక చరిత్ర కొంత నిలుచును. ఇందలి యుక్తాయుక్తములను విజ్ఞులు పరిశీలింతురుగాక.